తొమ్మిది గంటల నిద్ర రిజిస్టరు

నేను ముప్పై రెండేళ్లు బడిపిల్లల్ని పరుగెత్తించి జీతం తీసుకున్నాను. ఒక్క నెల పైచిలుకు మాత్రం వాళ్లను పడుకోబెట్టి తీసుకున్నాను. మొత్తం ఉద్యోగంలో నాకు పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది ఆ పడుకోబెట్టినందుకే. ఇప్పుడు కొత్తగా ఆటల మేష్టార్లుగా చేరేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, ఆటలాడే పిల్లలకు నిద్ర ఎంత ముఖ్యమో శిక్షణ తరగతుల్లో బొమ్మలు గీసి మరీ నేర్పుతున్నారని చెబుతుంటారు. ముఖ్యమే, నేనెప్పుడు కాదన్నాను? కాకపోతే పెద్దవాళ్లు పూనుకుని పిల్లల నిద్రను బాగుచేయబోతే ఏమవుతుందో మీకంటే నాకు కొంచెం ఎక్కువ తెలుసు. వినండి. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వుకోండి, ఆ కథలో నవ్వదగ్గ మనుషుల్లో నేనే ముందుంటాను.

అప్పటికి బళ్లారి జిల్లా మద్రాసును వదిలి మైసూరులో కలిసి కొన్నేళ్లయింది. తుంగభద్ర కాలువ వచ్చి నల్లరేగడంతా వరి మడులైంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు పొలాలు కొని అక్కడక్కడా గుడిసెలు వేసుకున్నారు, ఆ గుడిసెల గుంపుల్ని క్యాంపులనేవాళ్లు. నేను పనిచేసిన హైస్కూలు సిరుగుప్ప వైపు ఒక చిన్న ఊళ్లో ఉండేది. దేశనూరు దిక్కునుంచీ, క్యాంపుల నుంచీ పిల్లలు నడిచి వచ్చేవాళ్లు. స్కూలుకు ఆటస్థలం లేదు, ఒక బంజరు ఉంది. బంతి ఒకటి ఉంది, దాంట్లో గాలి ఉండేది కాదు. డ్రిల్లు మేష్టరుగా నాకు ప్రభుత్వం ఇచ్చిన ఆయుధం ఒక ఈల.

ఒక ఆగస్టులో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. కన్నడంలో ఉంది. మా హెడ్మాస్టరు మద్రాసు కాలపు మనిషి. ఇంగ్లీషు సర్క్యులర్లయితే చదవకుండానే అర్థం చేసుకునేవాడు, కన్నడం సర్క్యులర్లు చదివినా అర్థమయ్యేవి కావు. కన్నడ పండితుణ్ణి పిలిపించి చెప్పించుకున్నాడు. జిల్లా పోటీలకు వెళ్లే విద్యార్థులు రోజూ రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోవాలి. పోటీలకు ముందు వాళ్లందర్నీ స్కూల్లోనే ఒకచోట పడుకోబెట్టాలి. ఎవరు ఎన్ని గంటలు నిద్రపోయిందీ రిజిస్టరులో రాసిపెట్టాలి. ఇదీ అందులోని సంగతి. పిల్లలకు ఏం తిండి పెట్టాలో అందులో లేదు. తిండికైతే పైనుంచి డబ్బు పంపాలి, నిద్రకు ఆ అవసరం లేదు కదా.

క్లాసులో కునికే పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించడంలో మా హెడ్మాస్టరుకు జిల్లాలో సాటి లేదు. ఆయన నన్ను పిలిచి, "ఏమప్పా డ్రిల్ మేష్ట్రూ, ఇంతకాలం నిద్రపోయేటోళ్లను లేపితిమి. ఇంక మేలుకున్నోళ్లను పండబెట్టాలంట. నువ్వు చూసుకో" అన్నాడు.

"ఎట్ల పండబెట్టేది సార్?"

"డ్రిల్లు ఎట్ల నేర్పుతాండావు? అట్లే నేర్పు."

ఆయన ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం నిజమనే తీసుకున్నాను. ఎనిమిది మంది పిల్లల్ని ఎంచి, సెప్టెంబరు ఒకటో తేదీ నుంచి భూగోళం గదిలో పడుకోబెట్టాను. మొదటి ఈలకు చాప పరవాలి. రెండో ఈలకు వెల్లకిలా పడుకోవాలి. మూడో ఈలకు కళ్లు మూసుకోవాలి. నాలుగో ఈలకు నిద్రపోవాలి. నాలుగో ఈల వేయగానే ఎనిమిది మందీ ఒక్కసారిగా గురకపెట్టేవాళ్లు. పదిహేనేళ్ల పిల్లలకు అంత క్రమశిక్షణ వచ్చిందని నేను పొంగిపోయాను.

మొదటి రెండు రాత్రులూ గంటకోసారి లేచి లాంతరు పట్టుకుని చూశాను. మూడో రాత్రి నుంచి నాకే నిద్ర ముంచుకొచ్చింది. పిల్లలకు తొమ్మిది గంటల నిద్ర కావాలంటే మేష్టరుకు ఎన్ని గంటలు కావాలో సర్క్యులర్లో రాయలేదు. అందుకని సాయంత్రమే, పిల్లలు ఇంకా గదిలోకి రాకముందే, ఆ రాత్రి నిద్రంతా రాసేసేవాణ్ణి. ఎనిమిదిన్నర నుంచి ఐదున్నర దాకా గాఢనిద్ర. పక్కన ఏడు గళ్లలో అదే అని గుర్తులు. వారం తిరక్కముందే అదీ విసుగుపుట్టి, ఒక ఆదివారం కూర్చుని నెలంతా రాసేశాను. పేజీకి ముప్పై ఒక్క గీతలు గీసుకున్నాను గనక, సెప్టెంబరు ముప్పై ఒకటో తేదీ రాత్రి కూడా మా పిల్లలు ఎనిమిది మందీ హాయిగా నిద్రపోయారు.

ఆ ఎనిమిది మందిలో ఒకడి గురించే ఈ కథ. పదో తరగతి. మైలు పందెంలో వాడికి జిల్లాలో ఎదురు లేదని నాకు గట్టి నమ్మకం. జిల్లాలో గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోతాడు. అక్కడ బాగా పరుగెత్తిన పిల్లల్ని పద్దెనిమిదేళ్లు నిండగానే పోలీసు శాఖ వాళ్లు తీసుకుంటున్నారు. వాళ్ల నాయనకు మూడెకరాలు ఉంది, అదీ కాలువ కొసన. వాడికి ఉద్యోగమొస్తే ఆ ఇల్లు నీళ్ల కోసం ఆకాశం వంకా కాలువ వంకా చూడకుండా బతుకుతుంది. పందెమంటే వాడికి అదీ.

వాడికి పరుగు నేను నేర్పలేదు. కాలువ నేర్పింది. కాలువ నీళ్లు వంతుల మీద వదిలేవాళ్లు, కొస పొలాలకు వంతు ఎప్పుడూ రాత్రిళ్లే. కాలువ గట్టున పొలానికి నీళ్లు మళ్లే గండిని మా వైపు మడవ అంటారు. కాపలా లేకపోతే పై పొలాలవాళ్లు వచ్చి కింది మడవను మట్టితో మూసి నీళ్లు తమ వైపు తిప్పుకునేవాళ్లు. వాళ్లలో క్యాంపువాళ్లూ ఉన్నారు, ఊరివాళ్లూ ఉన్నారు, ఆ విషయంలో ఇద్దరికీ మంచి ఐకమత్యం ఉండేది. మడవ నుంచి వీళ్ల మడి రెండు మైళ్లు. నీళ్లు మడవ దాటుతున్నాయా, మడికి ఎక్కుతున్నాయా అని ఈ పిల్లవాడు రాత్రికి మూడు నాలుగు సార్లు గట్టు వెంట అటూ ఇటూ పరుగెత్తేవాడు. పన్నెండో ఏట నుంచీ అదే పని.

స్కూల్లో పడుకోబెట్టిన రెండో వారంలో ఒక తెల్లవారుజామున వాడు గోడ దూకి లోపలికి రావడం చూశాను. మోకాళ్ల దాకా బురద ఉంది.

"యాడికి పోయింటివిరా?"

"నీళ్ల కాడికి సార్. మా వంతు. నాయన పగలంతా మడిలో ఉంటాడు, రాత్రి ఆయప్పకు కన్ను ఆగదు."

"రాత్రంతా పండుకోలేదా నువ్వు?"

"పండుకుంటే నీళ్లుండవు సార్."

నేను చుట్టూ చూసి, "సరే, పొయ్యి కాళ్లు కడుక్కో. రిజిస్టరులో నువ్వు పండుకున్నట్టే ఉండాది. ఎవరికీ చెప్పాకు" అన్నాను. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడికి గొప్ప మేలు చేశానని ఆ రోజంతా నాలో నేను మురిసిపోయాను. వారానికి మూడు రాత్రులు వాడు గోడ దూకేవాడు, నా రిజిస్టరులో గాఢనిద్ర పోయేవాడు.

అక్టోబరు మొదట్లో ఇన్స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. రాత్రి నిద్రను చూడటానికి వచ్చిన మనిషి, సాయంత్రం బస్సుకు బళ్లారి పోవాలి. అందుకని మధ్యాహ్నం రెండింటికి కిటికీలకు గోనెపట్టాలు కట్టి భూగోళం గదిలో రాత్రి చేశాం. నేను నాలుగు ఈలలు వేశాను. ఏడుగురు పిల్లలు ఒంటికన్నుతో సాహేబును చూస్తూ గురకపెట్టారు. మైలు పిల్లవాడు మాత్రం మూడో ఈలకే నిజంగా నిద్రపోయాడు. ముందు రాత్రి వాళ్ల వంతు. ఇన్స్పెక్టరు వంగి పెన్సిలుతో వాడి డొక్కలో పొడిచాడు. వాడు కదల్లేదు. సాహేబు మొహం వెలిగిపోయింది. "నోడ్రీ, ఇదు నిద్దె" అన్నాడు హెడ్మాస్టరుతో, చూడండి, నిద్రంటే ఇదీ అని. ఆ ఊపులో రిజిస్టరు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాడు, సెప్టెంబరు ముప్పై ఒకటితో సహా. వారానికల్లా మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. మా రిజిస్టరు జిల్లాలోని స్కూళ్లన్నిటికీ నమూనా అయింది. హెడ్మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బళ్లారిలో జిల్లా పోటీల రోజు వచ్చింది. పొద్దున ఆరింటికి బస్సు. ఏడుగురు పిల్లలు నాతో వచ్చారు, ఎనిమిదో వాడు కాలువ గట్టు నుంచి మూడు మైళ్లు నేరుగా బస్టాండుకే పరుగెత్తుకొచ్చాడు. ఆ వారం వంతు వరసగా రెండు రాత్రులు పడింది, రెండు రాత్రులూ వాడికి నిద్ర లేదు. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడే నిద్రపోయాడు. చూసి నవ్వుకున్నాను కూడా. పదింటికి మొదటి విడత పందెంలో వాడు వెనక్కి తిరిగి చూడాల్సిన పనిలేకుండా గెలిచాడు. చివరి పందెం మూడింటికి. షామియానా నీడలో పడుకోరా అన్నాను. పడుకున్నాడు.

మూడింటికి పిలుపు వచ్చింది. వాణ్ణి తట్టాను, లేవలేదు. కుదిపాను, కూర్చోబెట్టాను, మొహాన నీళ్లు చల్లాను. చెవిలో ఈల వేశాను. నిద్రలోనే, "మా మడవ మూయొద్దప్పా, మీకు పుణ్యముంటాది" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లకు అది పిచ్చి మాటలాగా వినిపించింది. నాకొక్కడికే అర్థమైంది. అవతల తుపాకి పేలింది, మిగతావాళ్లు పరుగెత్తారు. ఉదయం వీడి వెనకాల పదిగజాల దూరంలో వచ్చిన పిల్లవాడు గెలిచాడు.

పోటీల డాక్టరు వచ్చాడు. మైసూరు వైపు నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు, ఆయన్ను నేనేమీ అనను. నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడని అడిగాడు. ఇదిగో, నా ఉద్యోగంలో ఒకే ఒక్క నిజం చెప్పాల్సిన సమయం అది. చుట్టూ పది స్కూళ్ల డ్రిల్లు మేష్టార్లు ఉన్నారు. మా రిజిస్టరును నమూనాగా చూపించి వాళ్లందర్నీ తిట్టాడని విన్న ఇన్స్పెక్టరు పక్కనే ఉన్నాడు. నలుగురికీ చూపించుకు రమ్మని హెడ్మాస్టరు బీరువాలోంచి తీసిచ్చిన రిజిస్టరును సంచీలోంచి తీసి ఇచ్చాను, అందులో అక్టోబరు కూడా ముందే నింపేసి ఉంది. డాక్టరు పేజీలు తిప్పి, ఇంత పద్ధతిగా రాసిన రికార్డు ఎక్కడా చూడలేదన్నాడు. తర్వాత మొహం ముడుచుకుని ఆలోచించాడు. నెలన్నరగా రోజుకు తొమ్మిది గంటలు గాఢనిద్ర పోతున్న పిల్లవాడు పట్టపగలు మూడింటికి లేపినా లేవలేదంటే అది జబ్బు తప్ప మరొకటి కాదు. అతినిద్ర జబ్బు, శ్రమతో కూడిన ఆటలకు పనికిరాడు అని రాసి సంతకం పెట్టాడు. ఉదయపు పరుగు చూసి రాష్ట్ర జట్టులోకి ఎట్లాగైనా తీసుకుందామనుకున్నవాళ్లు ఆ కాగితం చూసి వాడి పేరు కొట్టేశారు.

మూడో రోజు ధైర్యం తెచ్చుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్లాను.

"సార్, ఆ రిజిస్టరు అబద్ధం. వాడు రాత్రుళ్లు కాలువ కాడ ఉండేవాడు. డాక్టరుకు రాసిస్తా."

"సుమ్మనిరప్పా, ఊరికుండు. సాహేబ్రు సంతకం చేసినాక అది అబద్ధం ఎట్లయితాది?"

"సెప్టెంబరు ముప్పై ఒకటో తేదీ నిద్ర గూడా రాసుండా సార్. చూడండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఉండాదే" అన్నాడు.

"సెప్టెంబరుకు ముప్పై ఒకటి యాడుండాది సార్?"

"కింద సంతకం ఉండాది కదప్పా. అంటే ఉండాది." రిజిస్టరు మూసి బీరువాలో పెట్టాడు. "నీకింకా పర్మనెంటు కాలేదు. వానికి పోతే ఒక పందెం పాయె. నీకు పోతే బువ్వే పోతాది. ఇంటికి పొయ్యి బాగా నిద్రపో."

నేను ఇంటికి పోయాను. నాలుగు రోజులు నోరెత్తలేదు. ఆ నాలుగు రాత్రులూ నాకు నిద్ర బాగానే పట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట చెప్పడానికి సిగ్గేస్తుంది.

ఐదో రోజు వాడి నాయన వాణ్ణి వెంటపెట్టుకుని స్కూలుకొచ్చాడు. పిల్లవాడు పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. రెండు మడమల మీదా కాల్చిన వాతలు ఉన్నాయి, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ఏంది ఇది?" అన్నాను.

"నిద్ర జబ్బుకు మడమల మీద వాత పెడితే పోతాదన్యారు అయ్యోరా. పెట్టిస్తి. నలుగురు పట్టుకోవాల్సొస్తాదనుకుంటి, ఒగరు గూడా పట్టుకునే పనిల్యాకపాయె. కంట్లో నీళ్లు గూడా రాలేదు వానికి." ఆయన గొంతులో గొప్పా బాధా రెండూ ఉన్నాయి. "టీసీ ఇప్పించండి. జబ్బు పిల్లోనికి చదువెందుకు?"

నేను మాట్లాడబోయేలోగా ఆయనే మళ్లీ అందుకున్నాడు. "ఈ నెలలో రెండుమాట్లు మా మడికి నీళ్లు ఎక్కలేదు అయ్యోరా. పైవాళ్లు పదిమంది వచ్చి మడవ మూసినారు, నేనొగన్ని ఏమి చేసేది అంటాండె వీడు. నమ్మితి. ఇప్పుడు తెలిసె. పుస్తకంలో ఉండాదంట కదా, దినామూ తొమ్మిది గంటలు పండుకున్యాడని. మడవ కాడ పండుకొని నాకు అబద్ధం చెప్తాండాడు."

"నేను పండుకోలేదు నాయనా" అన్నాడు పిల్లవాడు నేల చూస్తూ. అది ఇంట్లో చాలాసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు.

"పుస్తకంలో ఉండాది" అన్నాడు తండ్రి.

చదువురాని ఆ మనిషి కన్నకొడుకు మాటను పక్కనపెట్టి నా రాతను నమ్మాడు. అప్పుడు చెప్పేశాను. వాడు పడుకోలేదనీ, నేనే చూడకుండా రాశాననీ, కావాలంటే ఇప్పుడే కాగితం మీద రాసిస్తాననీ అన్నాను. అక్కడే కూర్చుని రాసి, చదివి వినిపించాను.

ఆయన విన్నాడు. "మొన్న పండుకున్యాడని రాసిస్తిరి. ఈ పొద్దు పండుకోలేదని రాసిస్తాండారు. మీకేమి అయ్యోరా, చేతిలో కలం ఉండాది, రాస్తారు. నేను దేన్ని నమ్మాల?"

ఆ కాగితానికే నకళ్లు రాసి, హెడ్మాస్టరుకు చెప్పకుండా డాక్టరుకూ ఇన్స్పెక్టరుకూ ఆ రోజే పోస్టు చేశాను. దాని సంగతి ఇక్కడే చెప్పేస్తాను. డాక్టరు తన కాగితాన్ని రద్దు చేశాడు, ఆ రద్దు మాకు చేరేసరికి రాష్ట్ర పోటీలు అయిపోయి రెండు నెలలైంది. నాకు ఇంక్రిమెంటు ఆపి కంప్లికి బదిలీ చేశారు. నేరం ఏమిటంటే, పైవాళ్లకు నేరుగా ఉత్తరం రాయడం. రిజిస్టరు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, అది నమూనాగానే ఉండిపోయింది. పిల్లవాడు ఆ ఏడు చదువు పూర్తిచేశాడు గానీ మళ్లీ పందెంలో పరుగెత్తలేదు.

ఆ రోజు మాత్రం టీసీ ఒక వారం ఆపుకోమని తండ్రిని బతిమాలాను. మర్నాడు రాత్రి వాళ్ల వంతు. పిల్లవాడు నడవలేడు. నాయనకు జ్వరం. "మడవ కాడ నేను ఉంటా, వాన్ని ఇంట్లో పండబెట్టు" అన్నాను. చేసిన తప్పు ఒక్క రాత్రితో కడిగేసుకుందామని నా ఆశ. పైగా డ్రిల్లు మేష్టర్ని, ముప్పై ఏళ్లవాణ్ణి, ఒక రాత్రి మేలుకోవడం ఎంత పని అనుకున్నాను. ఆయన పెద్దగా నమ్మకం లేకుండానే తల ఊపాడు.

కంబళి, కర్ర, లాంతరు, మెడలో ఈల, అన్నీ సర్దుకుని వెళ్లాను. మొదటిసారి గట్టు వెంట మడి దాకా పరుగెత్తి వచ్చాను, బాగానే ఉంది. రెండోసారి సగం దూరం నడిచాను. తిరిగొచ్చి, రెండు నిమిషాలు ఊపిరి తీసుకుందామని మడవ పక్కన కూర్చున్నాను.

ఎండ మొహాన కొడితే లేచాను. మా మడవను ఎవరో నున్నగా మట్టితో మెత్తి మూశారు, పైన నా కర్రనే గుచ్చిపెట్టి పోయారు. కింది కాలువలో తడి కూడా లేదు. ఎదురుగా తండ్రీ కొడుకూ నిలబడి ఉన్నారు. జ్వరంతో ఆయనా, కాలిన మడమలతో వాడూ అంత దూరం నడిచి వచ్చారు. వంతు పోయింది, మళ్లీ మూడు రోజుల దాకా నీళ్లు లేవు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆయన తిట్టలేదు. మూసిన మడవను చూశాడు. నలిగిన నా చొక్కానూ, చెంప మీద కంబళి అచ్చులనూ, పుసులు కట్టిన కళ్లనూ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత కొడుకు మొహం వైపు తిరిగాడు. వాడి మొహం వంక అట్లా తేరిపార చూడటం ఆయనకు అదే మొదటిసారేమో.

"రాత్రంతా పండుకున్నోడు తెల్లారి ఎట్లుంటాడో ఇప్పుడు చూస్తి అయ్యోరా" అన్నాడు. "మావోడు ఒక్క పొద్దు గూడా ఇట్ల రాలేదు ఇంటికి."

డాక్టరు కాగితం చూసి పేరు కొట్టేసినా ఏడవనివాడు, వాతలు పెట్టినా కంట నీరు పెట్టనివాడు, ఆ మాటకు గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.